ఒకే ఊరిలో థర్మామీటర్లు వేర్వేరు డిగ్రీలు చూపుట ఎందువలన?

పలాసకు, మందస రోడ్డుకు నడుమ సుమ్మాదేవి రైల్వే స్టేషను కలదు. వేసవిలో మధ్యాహ్నము పూట ఆ చుట్టుప్రక్కల గ్రామములలో నలుగురు రైతులు ఒకచోట కూర్చున్నచో ఎండను గురించి నాలుగు లెక్కలు వినవచ్చును. ఒకరి ఇంటి గోడకు తగిలించిన థర్మామీటరు 43 డిగ్రీలు చూపుచుండును. మరొకరి చేతిఫోనులో 36 అని యుండును. కారులో వచ్చిన చుట్టము తన బండి 41 చూపినదని చెప్పును. సాయంకాలపు వార్తలలో కళింగపట్నమున 35 డిగ్రీలని వినవచ్చును. ఈ అంకెలు మేము ఉదాహరణకై వ్రాసినవే. అయినను ఇట్టి తేడాలు చూడని రైతు ఉద్దానములో ఉండడు. “ఇందులో ఏది నిజము?” అని అడుగుట సహజము. “అన్నియు తప్పే, ఎండ ఎంతయో నా వీపు చెప్పును” అని కొట్టివేయువారును కలరు. వీపు చెప్పు మాటలోను కొంత నిజము కలదు. దానిని గురించి చివర వ్రాసెదము.

ఈ తేడా ఊరక వాదులాడుకొనుటకు మాత్రమే పనికివచ్చునది కాదు. వరి పూతవేళ గాలి వేడి 35 డిగ్రీలు దాటినచో పుప్పొడి చెడి తాలు గింజలు పెరుగును. తీరప్రాంతమున గరిష్ఠ ఉష్ణోగ్రత 37 డిగ్రీలకు చేరి, ఆ కాలపు సామాన్యముకన్న 4.5 డిగ్రీలు అధికమైనచో భారత వాతావరణ శాఖవారు దానిని వడగాలిగా లెక్కింతురు. మైదాన ప్రాంతములకు ఆ హద్దు 40 డిగ్రీలు. ఇట్టి హద్దులన్నియు ఒక పద్ధతి ప్రకారము కొలిచిన గాలి వేడినిబట్టి ఏర్పరచినవి. గోడమీది థర్మామీటరు చూచి వీనిని అనుసరింపబోయినచో ఏప్రిలు, మే నెలలలో ప్రతిదినము వడగాలియే అగును. ప్రతిదినము మ్రోగు గంటను ఎవరు లెక్కచేయుదురు?

థర్మామీటరు చెప్పునది తన వేడినే

మొదట గ్రహింపవలసిన విషయము ఒకటి కలదు. థర్మామీటరు గాలి వేడిని చెప్పదు, తన బుడ్డి వేడిని చెప్పును. గాలి వేడియు బుడ్డి వేడియు ఒకటే అయినప్పుడు మాత్రమే అది చూపు అంకె గాలి వేడి యగును. అట్లు ఒకటి కాకుండ చేయు కారణములు మన ఇండ్ల వద్ద అనేకము కలవు.

బుడ్డి మీద సూర్యకిరణములు నేరుగా పడినచో అది వాని వేడిని గ్రహించి చుట్టునున్న గాలికన్న వేడెక్కును. ఎండలోనున్న గునపమును పట్టుకొనినచో చేయి కాలును. గాలి మాత్రము చేతిని కాల్చదు గదా! గునపమునకు జరిగినదే బుడ్డికిని జరుగును. ఎంత వేడెక్కుననునది బుడ్డి పరిమాణమునుబట్టి, రంగునుబట్టి, గాలి వీచు వేగమునుబట్టి యుండును. పెద్ద బుడ్డి ఎక్కువ వేడెక్కును, సన్నని బుడ్డి తక్కువ. గాలి బాగుగా వీచుచున్నప్పుడు ఆ అదనపు వేడిని గాలి తీసికొనిపోవును. గాలి స్తంభించినప్పుడు అది బుడ్డిలోనే నిలిచియుండును. అందువలన ప్రక్కప్రక్కన ఎండలో పెట్టిన రెండు మంచి థర్మామీటర్లయినను ఒకే అంకె చూపవలెనను నియమము లేదు. ఎండలో పెట్టినప్పుడు అది వాతావరణమును కాక తన ఆకారమును, తన రంగును తెలుపుచున్నదని ఎరుగవలెను.

ఎండ సోకకున్నను చాలదు. తూర్పుగోడ ఉదయమంతయు ఎండకు కాగి మధ్యాహ్నము నీడలోనికి వచ్చును. కాని దాని వేడి సాయంకాలము వరకు పోదు. ఆ గోడకు తగిలించిన థర్మామీటరు ఒకవైపు గాలితోను, మరొకవైపు గోడతోను వేడి పంచుకొనుచుండును. రేకుల షెడ్డు క్రింద మరియు హెచ్చు. రేకు ఎండకు కాగి క్రిందికి వేడిని విడుచును. ఆ వేడి కంటికి కనిపించదు, కాని క్రింద నిలుచున్నవాని నడినెత్తి ఎరుగును. తాటాకు పాక క్రింద అట్లు కాదు. తాటాకు దళసరి కప్పు పైవేడిని క్రిందికి రానీయదు.

థర్మామీటరును ఉత్తరపు గోడకు తగిలించినచో ఎండ తగలదని కొన్ని పుస్తకములలో వ్రాయుదురు. అది చలిదేశముల మాట. మన పలాస ప్రాంతము భూమధ్యరేఖకు ఉత్తరముగా 19 డిగ్రీలకు కొంచెము తక్కువ దూరమున నున్నది. అందువలన మే మూడవ వారము మొదలు జూలై చివరి వారము వరకు మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరముగనే పోవును. మార్చి చివరి నుండి సెప్టెంబరు చివరి వరకు ఉదయాస్తమయములు కూడ తూర్పు పడమరలకు కొంచెము ఉత్తరముగా జరుగును. కావున మనకు వేడి ముఖ్యమైన దినములలోనే ఉత్తరపు గోడకు ఉదయము, సాయంకాలము ఎండ సోకును. మీ ఇంటి ఉత్తరపు చూరు క్రింద మే నెలలో ఒకదినము పరీక్షించి చూడుడు.

రాత్రివేళ ఈ తప్పు తలక్రిందులగును. మబ్బులేని నిశ్చలమైన రాత్రి ఆరుబయట ఉంచిన థర్మామీటరు తన వేడిని ఆకాశమువైపు విడిచి, చుట్టునున్న గాలికన్న చల్లబడును. ఆకుల మీద, గడ్డి మీద మంచు కురియుటకు కారణమిదే. ఆకు చల్లబడి గాలిలోని తేమను తన మీద నీరుగా చేర్చుకొనును. అందుచే ఆరుబయటి థర్మామీటరు పగలు ఎక్కువ వేడిని, రాత్రి ఎక్కువ చలిని చూపి, మన ఊరి శీతోష్ణస్థితి ఉన్నదానికన్న కఠినమైనదను భ్రమ కలిగించును.

ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. థర్మామీటరు చూపు అంకెను వ్రాసికొని, తాటాకు విసనకర్రతో దానికి ఐదు నిమిషములు బాగుగా విసరుడు. విసరుట వలన మనకు చల్లగా నుండుటకు కారణము మన చెమట ఆరుట. పొడి బుడ్డికి చెమట లేదు గనుక విసరినంత మాత్రమున అది గాలికన్న చల్లబడదు. అయినను అంకె రెండు మూడు డిగ్రీలు దిగినచో, అంతకుముందు అది గాలి వేడికి తోడు మరియొక వేడిని కూడ లెక్కించుచున్నదని తెలిసికొనవలెను. అంకె కదలనిచో మీరు ఉంచిన చోటు మంచిదే.

తెల్లని పెట్టె కథ

ఈ చిక్కు శాస్త్రజ్ఞులకును పూర్వమే కలిగినది. స్కాట్లండు దేశమున దీపస్తంభములు కట్టు ఇంజనీరు థామస్ స్టీవెన్సన్ అనునాయన 1864లో దీనికొక ఉపాయము చెప్పెను. ఓడలవారికి దారి చూపు దీపస్తంభములు మన బారువలోను, కళింగపట్నములోను కూడ కలవు గనుక ఆ వృత్తి మన తీరమువారికి క్రొత్త కాదు. ఆయన చేయించిన పెట్టెకు నాలుగు ప్రక్కల వాలుగా అమర్చిన చెక్కపట్టీలు రెండు వరుసలుండును. గాలి ధారాళముగా వచ్చిపోవును, ఎండగాని వానగాని లోనికి పోవు. పెట్టెకు తెల్లరంగు వేయుదురు. పైకప్పు రెండు పొరలు. తలుపు మన అర్ధగోళమున ఉత్తరమువైపు ఉండును. కాళ్లమీద నిలిపి, బుడ్డి నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున ఉండునట్లు అమర్చుదురు. ప్రపంచ వాతావరణ సంస్థవారి నియమము ప్రకారము ఈ ఎత్తు 1.25 మీటర్లు మొదలు 2 మీటర్ల వరకు ఉండవచ్చును. నేటి స్వయంచాలక కేంద్రములలో పెట్టెకు బదులు ఒకదానిపై ఒకటి బోర్లించిన తెల్లని పళ్లెముల వంటి కవచము కనిపించును. పని రెంటిదియు ఒకటే. అయితే గాలి వీచని మిట్టమధ్యాహ్నమున ఈ కవచము లోపల కూడ వేడి కొంచెము నిలుచుట కలదు.

స్టీవెన్సన్ పెట్టె మన దేశమునకు వచ్చుటకు ముందు అనేక పరిశీలన కేంద్రములలో గడ్డి కప్పిన పాకల క్రిందనే థర్మామీటర్లను ఉంచెడివారు. మన పాక ఆలోచన తక్కువది కాదని దీనివలన తెలియును. విశాఖపట్నమున గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతమున సొంత ఖర్చుతో ఒక పరిశీలనాలయమును కట్టించిరి. వారి అనంతరము అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడపి వాతావరణ వివరములను కూడ వ్రాయించిరి. భారత వాతావరణ శాఖ ఏర్పడినది 1875లో. అంతకు మూడు దశాబ్దములకు ముందే మన తీరమున ఒక తెలుగు కుటుంబము ఈ పనికి పూనుకొనుట గమనింపదగినది.

పెట్టె వలన కలుగు గొప్ప లాభమేమనగా, కళింగపట్నము లెక్కను గోపాలపురము లెక్కతో గాని, రాజస్థానములోని ఊరి లెక్కతో గాని పోల్చవచ్చును. అన్నిచోట్ల ఒకే ఎత్తు, ఒకే నీడ, ఒకే గాలి. వార్తలలో చెప్పు 35 డిగ్రీలు ఎండలో నిలుచున్నవాని వేడి కాదు. పచ్చికమీద నాలుగడుగుల ఎత్తున, నీడలో వీచు గాలి వేడి. ఆ మాట వార్తలలో చెప్పరు గనుక తగవులు వచ్చును.

తప్పు లేకయే కలుగు తేడాలు

పై వ్రాసినవన్నియు పెట్టు చోటునుబట్టి వచ్చు తప్పులు. థర్మామీటర్లు రెండును సరిగా ఉన్నను, సరియైన పెట్టెలలో ఉన్నను వేర్వేరు అంకెలు చూపుట కలదు. అప్పుడు గాలియే వేరు.

ఉద్దానమునకు తూర్పున సముద్రము, పడమర కొంత దూరమున మహేంద్రగిరి కొండల వరుస. వేసవిలో ప్రొద్దెక్కునప్పటికి నేల కాగి, సముద్రపు గాలి లోనికి వీచుట మొదలగును. వజ్రపుకొత్తూరు, బారువ వైపు తీరగ్రామములలో ఆ గాలి తగిలిన వెంటనే వేడి పెరుగుట ఆగును, ఒక్కొక్కప్పుడు కొంత తగ్గును కూడ. పలాస, టెక్కలి వైపు ఆ గాలి ఆలస్యముగా చేరును. పడమటి గాలి బలముగానున్న దినమున సముద్రపు గాలి లోనికి రాలేక తీరమువద్దనే నిలిచిపోవును. అట్టి దినమున పది పదిహేను కిలోమీటర్లలో నాలుగైదు డిగ్రీల తేడా వచ్చినను ఆశ్చర్యము లేదు. కళింగపట్నము వంశధార సముద్రమున కలియుచోట, తీరముననే యున్నది. కాబట్టి ఆ కేంద్రపు గరిష్ఠమును టెక్కలి మెట్ట పొలమునకు ఉన్నదున్నట్లు అన్వయించుకొనరాదు.

ఇక నేల సంగతి. ఉద్దానపు తెల్లయిసుక ఎండకు త్వరగా కాగి, రాత్రి త్వరగా చల్లారును. పొడి ఇసుక రేణువుల నడుమ గాలి నిండియుండుట వలన వేడి లోతునకు పోక పైపొరలోనే నిలుచును. వేసవి మధ్యాహ్నము పైపొర 50 డిగ్రీలు దాటుట సామాన్యమే. అదే సమయమున నాలుగడుగుల ఎత్తున గాలి 35 ఉండవచ్చును. జానెడు లోతున ఇసుక చల్లగా తగులును. మోకాలి ఎత్తున పెట్టిన థర్మామీటరుకు, తల ఎత్తున పెట్టినదానికి తేడా వచ్చుటకు కారణమిదియే.

ఈ విషయము 2018 తరువాత మన రైతులకు మరింత ముఖ్యమైనది. ఆ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు కొబ్బరి, జీడిమామిడి తోటలు కూలిపోయినవి. ఉద్యానమను మాట నుండి పేరు వచ్చినదని చెప్పుకొను సీమలో అనేకచోట్ల ఎండ నేరుగా ఇసుకమీద పడినది. తోట ఉన్న దినములలో ఆకులు ఎండను పైననే ఆపి, తమలోని నీటిని ఆవిరిచేసి గాలిని చల్లబరచుచుండెను. తోట పోయినచోట అదే థర్మామీటరు, అదే ఎత్తున ఉంచినను క్రొత్త లెక్క చూపును. ఇందులో థర్మామీటరు తప్పు లేదు. ఆ స్థలమే మారినది.

తిరిగి నాటుకొనువారు ఇందుకు తగినట్లు నడుచుకొనవలెను. ముదురు చెట్టు వేళ్లు లోతున చల్లని నేలలో ఉండును. క్రొత్తగా నాటిన జీడిమామిడి అంటు, కొబ్బరి మొక్క వాని మొదలు ఆ కాగిన పైపొరలోనే ఉండును. వార్తలలో 35 డిగ్రీలని విని ధైర్యపడరాదు. మొక్క మొదటనున్న వేడి దానికి సంబంధములేని వేరు లెక్క. పాదులో కొబ్బరి డొక్కలు పరచి, లేదా ఎండుటాకులు కప్పి, మొదటి రెండు మూడు వేసవులలో పడమటి వైపు కొబ్బరి కమ్మలతో నీడ ఏర్పరుపవలెను. కప్పిన పాదులోను, కప్పని పాదులోను రెండంగుళముల లోతున థర్మామీటరు గ్రుచ్చి మధ్యాహ్నము రెండు గంటలకు చూచినచో కప్పుట వలన కలుగు మేలు ఎవరును చెప్పకయే తెలియును. గ్రుచ్చుటకు ముందు పుల్లతో రంధ్రము చేయవలెను, లేనిచో బుడ్డి పగులును.

ఫోను లెక్క, కారు లెక్క

చేతిఫోనులో కనిపించు డిగ్రీలు ఫోను కొలిచినవని అనేకులు భావింతురు. అట్లు కాదు. దూరపు కేంద్రముల వివరములు, ఉపగ్రహముల చిత్రములు కలిపి పెద్ద గణన యంత్రములు లెక్కగట్టి, కొన్ని కిలోమీటర్ల పొడవు వెడల్పుగల గడికి ఒక అంకె చొప్పున పంపును. ఒక గడిలో సగము సముద్రము, సగము జీడితోట ఉండవచ్చును. అందువలన తీరగ్రామములకు ఈ లెక్క ఎక్కువగా గురి తప్పును. రెండు ఫోనులలో రెండు అంకెలున్నచో అవి ఇద్దరు వేర్వేరు లెక్కగాండ్రవని గ్రహింపవలెను. “ఎంతగా అనిపించును” అని ప్రక్కన వేరొక అంకె వేయుదురు. అది గాలిలోని తేమను కూడ కలిపి లెక్కించినది, ఉష్ణోగ్రత కాదు.

కారులోని థర్మామీటరు నిజముగనే కొలుచును గాని, అది సాధారణముగా ముందుభాగమున, రోడ్డుకు దగ్గరగా ఉండును. బండి నిలిచినప్పుడు ఇంజను వేడి, తారురోడ్డు వేడి దానిని చేరును. కొంత దూరము వేగముగా నడచిన పిదప చూపు అంకె కొంత నమ్మదగినది.

పరికరపు దోషములు

బజారులో తక్కువ ధరకు దొరకు థర్మామీటర్లు కొన్ననాడే ఒకటి రెండు డిగ్రీలు తప్పు చూపుట వింత కాదు. దుకాణములో వరుసగా వ్రేలాడదీసిన నాలుగింటిని చూచినచో నాలుగు అంకెలు కనిపించును. నడిమి అంకెకు దగ్గరగానున్నదానిని కొనుట మేలు. రంగు ద్రవముగల గొట్టములలో ద్రవము తెగి నడుమ గాలిబుడగ చేరుట, కొంత ఆవిరియై పైకొసన అంటుకొనుట జరుగును. అప్పుడు పైన చిక్కిన ద్రవమునకు తగినంత తక్కువ చూపును. గొట్టమును నిలువుగా పట్టుకొని అరచేతిమీద మెల్లగా తట్టినచో సాధారణముగా కలియును. పాదరసపు గొట్టములలో గాజు సంవత్సరములు గడచినకొలది కొంచెము ముడుచుకొనుట వలన అంకె కొంచెము పైకి జరుగును. పాదరసము విషము. గొట్టము పగిలినచో పిల్లలను దగ్గరకు రానీయక, చేతితో ముట్టక, అట్టముక్కతో కూడదీసి సీసాలో మూత బిగించవలెను. కొలతగొట్టము చదువునప్పుడు కన్ను ద్రవపు మట్టమునకు సమముగా ఉండవలెను. పైనుండి చూచినచో ఎక్కువ, క్రిందినుండి చూచినచో తక్కువ కనిపించును. ముఖము దగ్గరగా పెట్టి ఊపిరి విడువరాదు.

తప్పు ఎంతయో ఇంటివద్దనే తెలిసికొనవచ్చును. మంచినీటి మంచుగడ్డను మెత్తగా నలుగగొట్టి, చెంబులో నిండుగా పోసి, కొంచెము చల్లనీరు కలిపి, బుడ్డిని నడుమ ఉంచి పది నిమిషములు కలియబెట్టవలెను. సున్న చూపవలెను. సున్న బదులు ఒకటిన్నర చూపినచో ఆ ఒకటిన్నరను వ్రాసి అతికించుకొనవలెను. చేపల పెట్టెలలోని మంచు దీనికి పనికిరాదు. ఉప్పు కలిసిన మంచు సున్నకన్న దిగువకు పోవును, మంచి థర్మామీటరుకు చెడ్డపేరు వచ్చును. మనకు కావలసిన వేడివద్ద పరీక్షించుటకు గోరువెచ్చని నీటి బక్కెట్టులో జ్వరము చూచు థర్మామీటరు కొసను, మన థర్మామీటరు బుడ్డిని ప్రక్కప్రక్కన ఉంచి, నీటిని కలియబెట్టుచు రెండును చూడవలెను. జ్వరపు థర్మామీటరు 35 మొదలు 42 డిగ్రీల వరకు నికరమైనది. నీరు 42కన్న వేడిగా నుండరాదు. పాతవానిలో ఫారన్‌హైటు లెక్క యున్నచో 104 అనగా 40 డిగ్రీల సెల్సియస్ అని, 95 అనగా 35 అని గుర్తుంచుకొనిన చాలును.

పోల్చుకొనునప్పుడు వేళ కూడ ఒకటి కావలెను. వార్తలలోని గరిష్ఠము దినములో అన్నిటికన్న హెచ్చయిన క్షణపుది. మీరు పదకొండు గంటలకు చూచిన అంకెతో దానిని పోల్చి తగవుపడుట వ్యర్థము.

వీపు చెప్పు మాట

వీపు చెప్పు లెక్కను గూర్చి వ్రాసెదమని మొదట అంటిమి. మైదానములో 40 డిగ్రీల వేడిలో కోత కోసిన మనిషి, మన తీరమున 34 డిగ్రీలకే సొమ్మసిల్లుట కలదు. అతడు బలహీనుడనుకొనుట పొరపాటు. థర్మామీటరు బుడ్డికి పలుచని మల్లుగుడ్డ చుట్టి, గుడ్డకొసను నీటిలో ఉంచినచో నీరు ఆవిరియగుచు బుడ్డిని చల్లబరచును. దీనిని తడి బల్బు అందురు. ఎండ తగులనిచోట పొడి బల్బు 40, తడి బల్బు 24 చూపినచో గాలిలో తేమ నూటికి సుమారు 26 పాళ్లు. పొడి బల్బు 34, తడి బల్బు 29 చూపినచో తేమ సుమారు 70 పాళ్లు. చెమట ఆరుటయే మన శరీరమునకు తడిగుడ్డ. మొదటి గాలిలో చెమట వెంటనే ఆరి ఒడలు చల్లబడును. రెండవ గాలిలో చెమట కారును గాని ఆరదు. శరీరమునుండి నీరు పోవును, చల్లదనము మాత్రము రాదు.

1950 దశాబ్దమున అమెరికాలో సైనికులు శిక్షణ పొందునప్పుడు ఎండదెబ్బకు గురియగుచుండగా, వారి రక్షణకై మూడు థర్మామీటర్లను కలిపి ఒక లెక్క ఏర్పరచిరి. తడి బల్బు అంకెలో పదింట ఏడుపాళ్లు, నల్లరంగు వేసిన రాగిగోళములో ఉంచి ఎండలో పెట్టిన థర్మామీటరు అంకెలో పదింట రెండుపాళ్లు, నీడలోని గాలి వేడిలో పదింట ఒకపాలు కూడవలెను. ఎండలో పెట్టిన థర్మామీటరును పైన నిందించితిమి గాని, ఈ పనికి అదియే కావలెను. ఏలయన కూలివాడు పెట్టెలో నిలుచుండి పనిచేయడు.

లెక్కవేసి చూడుడు. ఈ పద్ధతిలో తడి బల్బును కూడ ఆరుబయటనే ఉంచుదురు గాని, సులభము కొరకు పై అంకెలనే తీసికొందము. మైదానమున తడి 24, నల్లగోళము 54, గాలి 40 అయినచో మొత్తము 31.6. తీరమున తడి 29, గోళము 48, గాలి 34 అయినచో 33.3. వార్తలలో ఆరు డిగ్రీలు తక్కువ చూపిన చోటనే పనివానికి ముప్పు ఎక్కువ. ఈ లెక్క 30 దాటిన పిదప బరువుపనికి మధ్యమధ్య నీడన విశ్రాంతి తప్పదని పనివారి ఆరోగ్యము చూచు శాస్త్రజ్ఞులందురు.

ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని ఇండ్లలో దీపమార్చినదో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండముల పరిశోధన కేంద్రముతోపాటు 200 పడకల ఆసుపత్రి ప్రారంభింపబడినది. వ్యాధికి కారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. త్రాగునీరు, నేల, ఆహారము మొదలగువానితోపాటు, ఎండలో కష్టపడువారి శరీరమున నీరు తరుగుట కూడ పరిశోధకులు పరిశీలించు విషయములలో ఒకటి. ఎండయే కారణమని మేము అనుటలేదు. అయితే శరీరమున నీరు తరుగుట మూత్రపిండములకు మంచిది కాదనుటలో వివాదము లేదు. కొబ్బరి దింపువారిని, జీడిపిక్కలు ఏరు స్త్రీలను, మడులు త్రవ్వువారిని ఉక్కపోత దినములలో పదిగంటలకే పని చాలించి నాలుగు గంటల తరువాత తిరిగి రమ్మనుట రైతుకు నష్టము కాదు. దాహము వేయకముందే నీరు ఇయ్యవలెను. వ్యాధి సోకియున్నవారు ఎంత నీరు త్రాగవలెనో వైద్యుడు చెప్పినట్లే నడువవలెను.

పొలమువద్ద లెక్క వ్రాసికొనుట

వాతావరణము ఆధారముగా పంటల బీమా చేసినచోట పరిహారము నిర్ణయించునది ఆ ప్రాంతమునకు నియమించిన కేంద్రపు లెక్కయే. మీ గోడమీది 43ను చూపి అడిగినచో ఫలముండదు. కాని ఆ కేంద్రము ఎచ్చటనున్నదో పోయి చూచుటకు రైతునకు అభ్యంతరమేమి? కవచము దుమ్ము పట్టి నల్లబడినదా, ప్రక్కన సిమెంటు చప్టా గాని రేకుల షెడ్డు గాని లేచినదా, చెట్టుకొమ్మ మీదికి వ్రాలినదా అని చూచి, కనిపించిన లోపమును తేదీతో సహా వ్రాతమూలముగా మండల వ్యవసాయాధికారికి తెలియజేయవలెను. పంట పోయిన తరువాత కాక, విత్తినప్పుడే చూచుట మంచిది.

సొంతముగా కొలువదలచినవారు పెట్టె కొననక్కరలేదు. గోడలకు, రోడ్డుకు దూరముగా, పచ్చిక గల చోట నాలుగు గుంజలు పాతి, నాలుగు ప్రక్కల తెరచియున్న చిన్న తాటాకు పాక వేసి, చూరు బాగుగా దించి, నడుమ నాలుగడుగుల ఎత్తున థర్మామీటరును వ్రేలాడదీసిన చాలును. గరిష్ఠ కనిష్ఠములు రెండును చూపునదైనచో మరియు మంచిది. వాతావరణ శాఖవారి కేంద్రములలో ఉదయము 8.30కు, సాయంకాలము 5.30కు చూతురు గనుక మీరును ఆ వేళలనే పాటించుడు. వాన జల్లు తగిలినచో బుడ్డిని తుడిచి కొంతసేపు ఆగి చదువవలెను, తడిబుడ్డి తక్కువ చూపును. ఒక మాసము వ్రాసి కళింగపట్నము అంకెల ప్రక్కన పెట్టినచో మీ పొలము ఎన్ని డిగ్రీలు ఎక్కువో తక్కువో, ఏ గాలికి ఎట్లు మారునో తెలియును. తరువాత రేడియో వినగానే ఆ తేడాను కలుపుకొనవచ్చును.

తడి బల్బు కూడ ఉంచువారు దాని గుడ్డను వారమునకొకమారు మార్చవలెను. తీరమున గాలితో వచ్చు ఉప్పు గుడ్డకు పట్టి ఆవిరిని తగ్గించును. అప్పుడు తడి బల్బు ఉండవలసినదానికన్న ఎక్కువ చూపును. పోయునది బావినీరు కాక, బ్యాటరీలలో పోయు శుద్ధజలము గాని, మొదటి జల్లులు విడిచి పట్టిన వాననీరు గాని అయియుండవలెను.